గుల్షన్ బేగం ఉతికిన మిలట్రీ కోట్లు

మూట విప్పగానే గుల్షన్ బేగం ముందు కోటును వాసన చూసేది. వెలుతురులోకి పట్టుకెళ్లడం ఆ తర్వాతే. తుపాకీకి పూసే నూనె మరకా, నెత్తుటి మరకా ఏళ్లు గడిచాక కంటికి ఒకేలా నల్లగా కనిపిస్తాయి. నూనెకు మాత్రం వాసన మిగిలి ఉంటుంది. నెత్తురుకు ఉండదు. గోటితో గీరితే పొడి రాలుతుంది.

అవి రెండో ప్రపంచయుద్ధం నాటి కోట్లు. ఆమె భర్త రజాక్ సికింద్రాబాదు పోయి, వేలంపాటలో సరుకు కొన్న వ్యాపారుల దగ్గర మూటలుగా తెచ్చేవాడు. మోకాళ్లు దాటే పొడుగు, ఎత్తితే గొర్రెపిల్లంత బరువు, మట్టిరంగు ఉన్ని. ఇత్తడి గుండీలు అప్పటికే ఎవరో కోసుకొని ఉండేవారు. కొన్నిటికి చిన్న చిల్లి ఉండేది, చిల్లి చుట్టూ మరక ఉండేది. చిల్లిని రజాక్ దారం అల్లి రఫూ చేసేవాడు. మరకను గుల్షన్ తీసేది. ఆ కోటు తొడుక్కున్న మనిషి ఏమయ్యాడో ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు.

జనగామలో స్టేషన్ వెనక సందులో వాళ్ల ఇల్లు. చలికాలం వస్తే రజాక్ కోట్లు మోసుకొని బచ్చన్నపేట అంగడికీ, చిల్పూర్ గుట్ట జాతరకూ పోయేవాడు. రాత్రి చేను కావలికి పోయే రైతులు కొనేవారు. చేను మీద పడే అడవిపందులను బెదిరించడానికి కూడా ఆ కోటు పనికొస్తుందని కొందరు నమ్మేవారు.

గుల్షన్ పుట్టిల్లు చిట్యాల. తండ్రి బట్టలకు రంగులద్దే మనిషి. ఏ రంగు దేనికి పట్టుకుంటుందో, ఏది దేనికి వదులుతుందో ఆమె చిన్నప్పుడే అతని దగ్గర చూసింది. ఉన్నిని బండమీద బాదకూడదు. నెత్తుటి మరకైతే ఉప్పు వేసిన చల్లనీళ్లలో నానబెట్టి, కుంకుడు నురగతో మెల్లగా రుద్దాలి. తుప్పు మరకకు నిమ్మరసం పిండి ఎండలో పెట్టాలి. నూనెకు సుద్దమట్టి పూసి ఆరనివ్వాలి. ఉప్పూ నిమ్మరసం దిగి ఆమె వేళ్ల సందులు ఏడాది పొడవునా పగిలే ఉండేవి. అన్నం కలుపుకుంటే కారం మండేది.

అత్త ఆమె కంచం వేరే పెట్టించింది. చచ్చినవాళ్ల నెత్తురు ముట్టిన చేతులతో పిండి కలిపితే ఆ రొట్టె తనకు దిగదని చెప్పింది. గుల్షన్‌కు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆ సిపాయిల ఉసురే తగిలిందని అత్త ఇరుగుపొరుగుతో అనేది, కోడలికి వినబడేంత గట్టిగా అనేది. ఆ కోట్ల మీద వచ్చిందే తాను తింటున్నానన్న ఆలోచన ఆ ముసలమ్మకు చచ్చేదాకా రాలేదు. ఆమె పోయాక కూడా గుల్షన్ తన పాత కంచంలోనే, తలుపు పక్కన కూర్చునే తినేది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవ మొదలైంది. చదువుకున్న పోరగాళ్లు బడులు విడిచి రోడ్డు మీదికి వచ్చారు. మన కొలువులు అటునుంచి వచ్చినవాళ్లు తింటున్నారని అంగళ్లలో మాట్లాడుకునేవారు. రజాక్ బంద్ రోజున అందరికంటే ముందు మూట కట్టేసేవాడు, ఊరేగింపు వెనక కొంతదూరం నడిచి వచ్చేవాడు. రాష్ట్రం వస్తే ఏమొస్తుందని గుల్షన్ అడిగితే, సినిమాల్లో మన మాటను చూసి నవ్వడం బందవుతుందని చెప్పాడు. అతనికి సినిమాలంటే ఇష్టం.

తర్వాత రిజర్వు పోలీసులు దిగారు. ఊరి బయట డేరాలు వేసుకున్నారు. రైలు పట్టాలకు కాపలా కాశారు, ఊరేగింపులను లాఠీలతో చెదరగొట్టారు. ఖాకీ గుడ్డ కనబడితే చాలు, జనం పళ్లు నూరేవారు. టపా మనిషి తన ఖాకీ చొక్కా విప్పి సంచిలో దాచుకొని, బనియన్ మీదే ఉత్తరాలు పంచడం గుల్షన్ తన గుమ్మంలోంచి చూసింది.

ఆ పూటే ఆమె భర్తకు చెప్పింది. ఇంట్లో ఉన్న కోట్లన్నిటికీ నల్లరంగు వేస్తానని, దానికి తనకు ఎవరి సాయమూ అక్కర్లేదని. రజాక్ ఒప్పుకోలేదు. మిలట్రీది అంటేనే రైతు చెయ్యి చాపుతాడు, నల్లగా ఉంటే వాడికి ఇంట్లో గొంగడి ఉంది కదా అన్నాడు. చలి కూడా అయిపోవచ్చింది, ఉన్నవి అమ్ముడుపోనీ, వచ్చే ఏడు చూద్దామన్నాడు. ఆమె మళ్లీ అనలేదు.

చివరగా అమ్ముడుపోయిన వాటిలో ఒకటి బిక్షపతి కొన్నాడు. పట్టాల వెంట నడిస్తే పొద్దెక్కేలోపు చేరే ఊరు అతనిది. గొర్రెలు అమ్ముకొని కొంచెం భూమి కౌలుకు చేస్తున్నాడు, పల్లి వేశాడు. గొంగడి కప్పుకొని పుట్టిన కులం అయినా అతనికి కోటు మీద మనసుపడింది. ఇంటికొచ్చి తొడుక్కొని చూసుకున్నాడు, గుమ్మంలో నిలబడి గుల్షన్‌కు సలాం కొట్టాడు. చంక కింద ఇంకా మరక ఉంది, రేపటికి తీసి ఇస్తానని ఆమె అంది.

"ఉండనియ్యి బీబమ్మా. నా చెమటల కలిసిపోతది" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

వారం తిరగకముందే జరిగిందది. ఆ మధ్యాహ్నం రిజర్వు పోలీసులు ఊరేగింపు మీద పడ్డారు. ఒక పిల్లవాడికి దవడ విరిగింది, ఇంకొకడికి తల పగిలింది. దొరక్కుండా పారిపోయిన పదిపదిహేను మంది పట్టాల పక్కన తుమ్మచెట్ల వెనక చేరారు. కాపలా పోలీసు ఒంటరిగా దొరికితే చాలని ఒడినిండా కంకర రాళ్లు ఏరుకొని కూర్చున్నారు. పొద్దు గుంకే వేళకు బిక్షపతి చేనుకు బయలుదేరాడు. ఒంటిమీద కోటు, చేతిలో కర్ర.

మొదటి రాయి భుజానికి తగిలింది. అతను ఆగి, ఎవరది అని అరిచాడు. రెండోది కంటికి తగిలింది. తాను బిక్షపతినని చెప్పడం మొదలుపెట్టాడు, చెబుతూనే కింద పడ్డాడు. వాళ్లు దగ్గరికొచ్చి అతని కర్రతోనే కొట్టారు. వాళ్లలో ఇద్దరిది అతని ఊరే. ఒకడు వంగి మొహం చూసి గుర్తుపట్టాడు. గుర్తుపట్టి మిగతావాళ్లకు చెప్పాడు. అప్పుడు అందరూ ఆగారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దవాఖానకు మోసుకుపోతే తామే దొరికిపోతామని ఎవరో అన్నారు. అంతే, అతన్ని అక్కడే విడిచి తలోదారి పట్టారు.

తెల్లారి పట్టాలు చూసుకుంటూ వచ్చిన పోలీసులు కోటు చూసి తమవాడే అనుకొని పరుగెత్తుకొచ్చారు. కాదని తెలిశాక బూటుతో వెల్లకిలా దొర్లించి, ఈ బట్ట ఎక్కడిదని అడిగారు. అతనికి మాట రాలేదు. దవాఖాన వరండాలో పడేసి భార్యను పిలిపించారు. భార్య గట్టమ్మ ఏడుస్తూ, అడిగినదానికల్లా జవాబు చెప్పింది. కోటు అమ్మింది ఎవరని అడిగితే రజాక్ పేరు చెప్పింది. చెబితే మొగుడికి మందు పోస్తారనుకుంది.

పోలీసులు రజాక్‌ను, మిగిలిన మూటనూ కలిపి తీసుకుపోయారు. సర్కారు బట్టలు అల్లరిమూకలకు ఎందుకు అమ్ముతున్నావని అడిగారు. ఇవి పాతికేళ్ల నాటి పాతబట్టలని అతను చెబుతూనే ఉన్నాడు. పేరు చెప్పగానే ఒక పోలీసు, "రజాకా, రజాకారా? సరిగ్గా చెప్పవోయ్" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. ఆ నవ్వు తగ్గకముందే ఇంకొకడికి ఒక ఆట తోచింది. మూటలోని కోట్లు ఒకదాని మీద ఒకటి అతనిచేతే తొడిగించారు, ఇక చేతులు కిందికి దిగనంతవరకు తొడిగించారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో డేరాల చుట్టూ ఉరకమన్నారు. పడితే లాఠీతో కొట్టారు. ఇంత ఉన్ని మీద దెబ్బ తగలదులే అంటూ గట్టిగా కొట్టారు. స్పృహ తప్పాక కోట్లు ఊడదీసి కుప్పవేసి తగలబెట్టారు. సూది పట్టే కుడిచేతిని ఎప్పుడు తొక్కారో అతనికే తెలియదు.

విడిచిపెట్టిన నాడు గుల్షన్ అతన్ని రిక్షాలో తెచ్చుకుంది. కుడిచేతి వేళ్లు మళ్లీ మూసుకోలేదు. పోలీసులకు ఎవరెవరి పేర్లు చెప్పి బయటపడ్డాడోనని సందులో వాళ్లు అతని ఎదుటే గుసగుసలాడారు. పలకరించడానికి ఒక్కరూ రాలేదు.

వచ్చింది గట్టమ్మ ఒక్కతే, గంప నెత్తిన పెట్టుకొని. సాయబు లేడా అని అడిగింది. ఉన్నాడు, లేవలేడని గుల్షన్ చెప్పింది.

"లేవద్దు. నాకు నీతోనే పని" అని గట్టమ్మ గంప దించి కోటు తీసి గుమ్మంలో వేసింది.

అది కోటులా లేదు. కుంచించుకుపోయి చెక్కలా గట్టిబడింది. మెడపట్టీ నుంచి ఎడమ భుజం మీదుగా రొమ్ము దాకా గోధుమరంగు మరక. గుల్షన్ వాసన చూడలేదు. చెయ్యి వేయగానే ఆమెకు అర్థమైంది.

"వేన్నీళ్లల్ల ఏసినవా అక్కా?"

"ఏసిన. మసుల మసుల కాగబెట్టి ఏసిన. నెత్తురు సావాలె గదా."

కాగిన నీళ్లలో పడ్డ నెత్తురు ఉన్నిలో ఉడికి గట్టిబడుతుంది, ఇక ఎవరి తరమూ కాదు. ఆ మాట చెప్పకుండా గుల్షన్ కోటును దగ్గరికి లాక్కుంది.

గట్టమ్మ చెప్పింది. మనిషి బతికాడు. ఒక కన్ను పోయింది, మతి పోయింది. మిగిలింది ఒక్కటే మాట, కోటు. ఎండాకాలం వస్తున్నా గజగజ వణుకుతాడు, కోటు కోటని ఏడుస్తాడు. ఆ నెత్తుటి గుడ్డను మళ్లీ ఆయన ఒంటి మీద వేయడానికి తనకు చేతులు రావడం లేదు.

"ఎవని నెత్తురో కడిగి నా మొగనికి తొడిగినవ్. గది వొయ్యింది గదా, గిదెందుకు పోదు? తియ్యి."

తీస్తానని గుల్షన్ ఒప్పుకుంది. తీయలేనని తెలిసే ఒప్పుకుంది. ఉప్పునీళ్లలో నానబెట్టింది, కుంకుడు రుద్దింది, నిమ్మరసం పోసి ఎండలో పెట్టింది. వేళ్ల పగుళ్లలోంచి తన నెత్తురే నీళ్లలోకి దిగుతుంటే చెయ్యి మార్చుకొని రుద్దింది. మంచంలోంచి రజాక్, ఇంకా ఆ దరిద్రపు గుడ్డ ఇంట్లో ఎందుకని తిట్టాడు. మరక తుప్పురంగుకు వచ్చి అక్కడే నిలిచిపోయింది. చివరికి ఆమె తండ్రి దగ్గర చూసిన పనే చేసింది. పాత ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో పులియబెట్టి, కరక్కాయ కషాయంతో కలిపి కోటును ముంచింది. తడిమీదే లాగి అంచులకు రాళ్లు కట్టి సాగదీసింది. నల్లటి కోటు తయారైంది. చూసినవాళ్లు ఎవరైనా బాగుందనేవాళ్లే.

పట్టాల వెంట తానే నడిచి ఇవ్వడానికి పోయింది. బిక్షపతిని పశువుల కొట్టంలో గోడకు ఆనించి కూర్చోబెట్టారు. అతను కోటు అందుకొని, మిగిలిన కన్నుకు దగ్గరగా పెట్టుకొని చూశాడు. ముక్కుకు పెట్టుకున్నాడు. తర్వాత దూరంగా విసిరేసి, కోటు కోటు అంటూ నేలకు తల బాదుకోవడం మొదలుపెట్టాడు. గట్టమ్మ అతని తల ఒడిలోకి అదిమి పట్టుకుంది. ఇది అదేనని గుల్షన్ ఎంతో చెప్పింది. లోపలి గుడ్డ తిప్పి మిలట్రీవాళ్లు దారంతో కుట్టిన నంబరు చూపించింది. చదువు రాని ఆ ఇద్దరికీ నంబరు ఏం చెబుతుంది?

"తియ్యమంటే కప్పిపెట్టినవ్" అంది గట్టమ్మ. "నేనేమన్న రంగెయ్యమన్ననా? ఆయిన గుర్తువట్టేది గది ఒక్కటే ఉండె. గది గూడ లేకుంట జేసినవ్."

అప్పుడు గుల్షన్ నోరు జారింది. ఏళ్ల తరబడి ఎవరు ఏమన్నా నోరెత్తని మనిషి, సరిగ్గా అక్కడ, ఆ మనిషి ముందు ఎత్తింది.

"నువ్వు వేన్నీళ్లల్ల ఏసినంక గది దేవుడొచ్చినా పోదక్కా. సల్లటి నీళ్లల్ల ఏసివుంటే పోతుండె."

గట్టమ్మ చేతులు బిక్షపతి తలమీద ఆగిపోయాయి. ఆ మాట ఎంత లోతుకు దిగిందో గుల్షన్‌కు కనిపిస్తూనే ఉంది. వెనక్కు తీసుకోవడానికి లేదు. తిరిగి నడిచి వచ్చేసింది.

ఆ వారం నుంచి గట్టమ్మ జనగామ అంగడికి వచ్చిన ప్రతిసారీ ఆ సందులోకి వచ్చేది. గుమ్మం ఎదురుగా నిలబడి కొంగు నడుముకు చుట్టి తిట్టేది. నీ చేతులు కుళ్లిపోను అనేది. నీ కడుపు పండకపోను అని మొదలుపెట్టి, ఎలాగూ పండలేదని ఎవరో చెబితే, మంచిగైంది అంది. సందులోవాళ్లు పని మానుకొని వినేవారు. ఒకరిద్దరు అరుగుల మీద సర్దుకొని కూర్చునేవారు. తలుపు వేసుకొమ్మని రజాక్ లోపలి నుంచి అరిచేవాడు. గుల్షన్ వేసేది కాదు. గట్టమ్మకు ఎదురుగా గడపలో కూర్చొని, అయిపోయేదాకా విని, లేచి పొయ్యి దగ్గరికి పోయేది. రజాక్ ఒకనాడు ఎడమచేత్తో ఆమె జుట్టు పట్టి లోపలికి ఈడ్చి తలుపు మూశాడు. గట్టమ్మ మూసిన తలుపునే తిట్టి పోయింది.

బిక్షపతి వానకాలంలో చచ్చిపోయాడు. జ్వరమని కొందరన్నారు, తిండి మానేశాడని కొందరన్నారు. ఆ తర్వాత కొన్నాళ్లు గట్టమ్మ కనబడలేదు. బతుకమ్మ పండుగ అయ్యాక ఒకసారి వచ్చింది. కొంగు నడుముకు చుట్టలేదు. గడప బయటే చతికిలబడింది.

"ఇగ రాను" అంది.

గుల్షన్ గడపలోకి వచ్చి కూర్చుంది.

"రాళ్లేసినోళ్లు ఎవలో ఊరందరికి ఎరుకే, నాకు గూడ ఎరుకే. వాండ్ల చేన్లనే కలుపు తీస్తున్న. వాండ్లను తిడితే రేపు నాకు పనెవలు జెప్తరు? నిన్ను తిడితే అడిగెటోడు లేడని అచ్చిన."

"నాకు ఎరుకే అక్కా" అంది గుల్షన్.

"ఎరుకైతే తలుపెందుకు ఏసుకోకపోతివి?"

గట్టమ్మ జవాబు కోసం ఆగలేదు. లేచి చీర దులుపుకుంటూ, ఆ వేన్నీళ్ల మాట మాత్రం నువ్వు అనకుండా ఉండాల్సింది, పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా అదే వినబడుతోందని చెప్పి పోయింది. మళ్లీ వాళ్లిద్దరూ ఎదురుపడలేదు.

ఆ ఏడు చలికాలం రాకముందే రజాక్ ఇల్లు ఖాళీ చేసి మానుకోట చేరాడు. అక్కడ అతని మేనమామ కొడుకు ఉండేవాడు. రజాక్ స్టేషన్ దగ్గర ఎడమచేత్తో అరటిపళ్లు అమ్మాడు. గుల్షన్ కొన్నాళ్లు మిల్లులో బియ్యం చెరిగింది, కొన్నాళ్లు కారం దంచింది. డెబ్బై ఒకటి యుద్ధం తర్వాత మళ్లీ మిలట్రీ బట్టల మూటలు మార్కెట్లోకి వచ్చాయి. కోట్ల బేరం మళ్లీ పెట్టుకుందామని రజాక్ అడిగాడు. ఆమె ఒప్పుకోలేదు. కొట్టాడు. అయినా ఒప్పుకోలేదు. అతను పోయేదాకా ఆ విషయమై ఇద్దరి మధ్యా మాటలు సరిగ్గా లేవు. పోయాక ఆమె ఒక్కతే, రైలుకట్ట దిగువన రేకుల గదిలో ఉండిపోయింది.

ముసలితనంలో ఆమె మరో ఉద్యమాన్ని చూసింది. రెండువేల పదకొండులో సకలజనుల సమ్మె రోజుల్లో మానుకోటలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. వాడకట్టు ఆడవాళ్లు ఆమెనూ వెంటబెట్టుకుపోయారు. ఆమె పందిరి కింద కూర్చొని ఉల్లిగడ్డలు కోసింది. పక్కనే మైకు పట్టుకొని తండా నుంచి వచ్చిన కుమార్ అనే డిగ్రీ పిల్లవాడు మాట్లాడుతున్నాడు. పెద్దవాళ్లను పలకరిస్తూ ఆమె దగ్గరికొచ్చి, అరవై తొమ్మిదిలో ఎక్కడున్నావవ్వా, ఏం చూశావని అడిగాడు. మైకు ఆమె నోటి దగ్గర పెట్టబోయి, ముందు తనకు చెప్పమని చెవి వంచాడు.

ఆమె బిక్షపతి సంగతి చెప్పింది. కోటు సంగతి, రాళ్ల సంగతి, గుర్తుపట్టి కూడా విడిచిపోయిన సంగతి. ఆ పిల్లవాడు చెడ్డవాడు కాదు. చివరిదాకా విన్నాడు. కళ్లు కూడా తడిసినట్టు కనిపించాయి.

"గట్ల జెప్తే మన మీదికే అస్తదవ్వా" అన్నాడు మెల్లగా. "పోలీసులు కొట్టిండ్రని జెప్పు. వాండ్లు గూడ ఎందర్నో సంపిండ్రు గదా. నీ మొగని చెయ్యి ఇరగ్గొట్టింది వాండ్లే గదా."

"నా మొగని సంగతి గట్లనే జెప్త" అంది గుల్షన్. "బిక్షపతిది గట్ల జెప్ప."

అయితే నువ్వు కూర్చో అవ్వా, నేను చెప్తానని అతను లేచాడు. జనగామ పక్కన బిక్షపతి అనే గొర్లకాపరిని పోలీసులు పట్టాల మీద రాళ్లతో కొట్టి చంపారని, కళ్లారా చూసిన అవ్వ ఇదిగో ఇక్కడే మన నడుమ ఉందని మైకులో చెప్పాడు. జనం ఆమె వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. జై తెలంగాణ అన్నారు. ఒకావిడ వచ్చి ఆమె కాళ్లు మొక్కింది. మొక్కిన మనిషి లేచేదాకా గుల్షన్ ఆమెకు తగలకుండా కత్తిపీట ఎత్తి పట్టుకొని కూర్చుంది. ఆ తర్వాత ముందున్న ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టింది. వంట అయ్యాక ఎవరో విస్తరిలో అన్నం పెట్టి తెచ్చిచ్చారు. ఆమె తినకుండా కొంగులో మూటగట్టుకొని ఇంటికి పోయింది.